కొత్త సర్పంచులకు ఒక రిటైర్డ్ ఏఎన్ఎం ఉత్తరం

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో కొత్తగా గెలిచిన సర్పంచులకు, ఉపసర్పంచులకు, వార్డు మెంబర్లకు నమస్కారం.

దండలు, శాలువాల సందడి ఈపాటికి అయిపోయి ఉంటుంది. ఇప్పుడు మీ వాకిట్లోకి వచ్చేవాళ్ల చేతుల్లో దరఖాస్తులుంటాయి. ఇందిరమ్మ ఇల్లు, పింఛన్, వీధిలైటు, మోరీ. అన్నీ కావాల్సినవే. వాటి నడుమ నా కాగితం కూడా ఒకటి పెట్టుకోండి. ఇది ఎండ గురించి, ఎండతోపాటు మారిపోతున్న వాన గురించి, మన పిల్లల గురించి.

నేను దేవరకొండ వైపు సబ్ సెంటర్లలో ఏఎన్ఎంగా చేసి రిటైరయ్యాను. ముప్పై ఏండ్లకు పైగా తండాలు, గూడేలు, ఊళ్లు తిరిగాను. సంచిలో టీకాల డబ్బా, చంకన రిజిస్టర్లు, అదే నా కొలువు. మీలో కొందరికి మొదటి టీకా వేసింది నేనే కావచ్చు. ఆ చనువుతోనే రాస్తున్నాను. ఆడవాళ్ల రిజర్వేషన్‌లో గెలిచిన చెల్లెండ్లకు ఒక మాట: ఈ ఉత్తరం మీరే చదవండి. మీ తరఫున మీటింగులకు పోయే మీ ఆయనకు తర్వాత చూపించవచ్చు.

ఢిల్లీకో, హైదరాబాద్‌కో రాయక మీకెందుకు రాస్తున్నానని అనుకోవచ్చు. పాత పాలకవర్గాల గడువు 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిసింది. ఆ తర్వాత దాదాపు రెండేండ్లు ఊళ్లు స్పెషల్ ఆఫీసర్ల చేతుల్లో నడిచాయి. పాపం, ఆ ఆఫీసర్‌కు అసలు కుర్చీ ఇంకోచోట ఉంటుంది. ఊరికి ఒక మనిషంటూ లేకుండానే రెండు ఎండాకాలాలు వెళ్లిపోయాయి. ఎవరింట్లో ముసలాయన మంచం పట్టాడో, ఏ రేకుల ఇంట్లో బాలింత ఉందో కలెక్టర్ గారికి తెలియదు. మీకు తెలుస్తుంది. అందుకే మీకు.

నాకు రిజిస్టర్ల మీద ఒక పిచ్చి ఉంది. పుట్టిన తేదీ, బరువు, తల్లి పేరు రాసేటప్పుడు లోపల లెక్కలు వేసుకునేదాన్ని. ఈ పాప ఫలానా ఏడు బడికి పోతుంది, ఫలానా ఏడు పది పాసవుతుంది అని. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు, కానీ లెక్క తీరు మారింది. నిన్నగాక మొన్న పుట్టిన నా మనవరాలికి 2050లో పాతికేండ్లు. బతికి బట్టకడితే 2100 సంవత్సరాన్ని డెబ్బై అయిదేండ్ల ముసలమ్మగా చూస్తుంది. శాస్త్రవేత్తలు 2100 గురించి చెప్పే మాటలన్నీ నాకు ఎవరి కాలం గురించో అనిపించేవి. ఇప్పుడవి నా ఇంట్లో ఊయలలో ఉన్న పిల్ల గురించి. 2015లో పారిస్‌లో దేశాలన్నీ కూర్చుని, భూమి వేడి పాతకాలం కన్నా ఒకటిన్నర డిగ్రీ దాటకుండా చూసేందుకు ప్రయత్నిద్దామని ఒప్పందం రాసుకున్నాయి. 2024 ఒక్క ఏడాది సగటు ఆ గీత దాటింది. ఒక్క ఏడాదితో ఒప్పందం తప్పినట్టు కాదంటారు, నిజమే. అయినా పాప ఇంకా పుట్టకముందే గీత దాకా వచ్చేశామన్న సంగతి నన్ను రాత్రిళ్లు నిద్రపోనివ్వడం లేదు. మా కోడలు రెండో బిడ్డ మాటెత్తితే, "ఈ ఎండల్లో ఇంకొకరెందుకత్తమ్మా" అంటుంది. నవ్వుతూనే అంటుంది. మా తరంలో ఎవరూ ఈ కారణం చెప్పగా నేను వినలేదు. కుటుంబ నియంత్రణ గురించి ఇల్లిల్లూ తిరిగి చెప్పిన నాకు ఆ మాటకు ఏం బదులివ్వాలో తోచలేదు.

ఎండలు కొత్తవా అంటారు పెద్దమనుషులు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత చెప్పింది మన ముందుతరమే కదా అంటారు. కాదనను. అప్పుడూ ఎండే, ఇప్పుడూ ఎండే. తేడా రాత్రిళ్లలో ఉంది. పగలంతా కష్టపడ్డ ఒళ్లు తెల్లవారుజామున చల్లబడితే మర్నాడు మళ్లీ లేస్తుంది. గూన పెంకుటిల్లు, వాకిట్లో నులక మంచం, పైన వేపచెట్టు ఉన్న కాలంలో ఆ చల్లదనం దొరికేది. ఇప్పుడు స్లాబ్, లేకపోతే సిమెంటు రేకులు. పగలు తాగిన వేడిని స్లాబ్ అర్ధరాత్రి దాకా కిందికి దింపుతూనే ఉంటుంది. దోమలు, దొంగల భయంతో తలుపులు వేసుకుంటారు. ఫ్యాన్ వేడిగాలినే తిప్పుతుంది. వరసగా నాలుగు రాత్రులు ఒళ్లు చల్లబడకపోతే అయిదో రోజు పొలం దాకా పోనక్కర్లేదు, ఇంట్లో ఉన్నవాళ్లకే వడదెబ్బ తగులుతుంది. పెద్ద వయసువాళ్లు ఎక్కువగా ఇంట్లో, మంచం మీదే పోతారు. అందుకే వాళ్లను ఎవరూ ఎండదెబ్బ చావుల్లో కలపరు.

ఇక్కడే నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఉంది. వరదొస్తే టీవీవాళ్లు వస్తారు, మంత్రులు వస్తారు, పడవలొస్తాయి. ఎండకు చప్పుడు లేదు. 2015 మే నెల గుర్తుందా? దేశమంతా కలిపి రెండు వేల మందికి పైగా పోయారు. అందులో ఎక్కువమంది మన తెలంగాణ, ఆంధ్ర వాళ్లే. అవి లెక్కకెక్కిన చావులు. ఎక్కనివి ఎట్లా ఎక్కకుండా పోతాయో నేను కళ్లారా చూశాను, చెప్తాను.

ఒకాయన పొద్దున ఉపాధి పనికి పోయి వస్తాడు. తల తిరుగుతుందంటాడు. ఇంట్లోవాళ్లు ఒక ముంత సల్ల ఇచ్చి పడుకోమంటారు. సాయంత్రానికి మాట తడబడుతుంది. ఒళ్లు పెనంలా కాలుతుంటుంది కానీ చెమట ఉండదు. జ్వరమేమో అని ఆర్ఎంపీని పిలిస్తే సూది వేసి పోతాడు. తెల్లారేసరికి మనిషి ఉండడు. ఊరంతా "గుండె ఆగింది, మంచి చావు" అంటుంది. ఎండాకాలం కాబట్టి ఎక్కువసేపు ఉంచరు, మధ్యాహ్నంలోపే దహనం. పంచాయతీ రిజిస్టర్‌లో పేరు పడుతుంది, కారణం దగ్గర గుండెపోటనో వృద్ధాప్యమనో రాస్తారు. ఆ ఊళ్లో ఆ ఏడాది వడదెబ్బ చావులు సున్న.

2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, పోయినవాళ్ల కుటుంబానికి 4 లక్షల రూపాయలు ఇస్తామంది. అంతకుముందు ఆపద్బంధు కింద వచ్చేది 50 వేలు. ఇది మంచి జీవో, పార్టీలతో నాకు పనిలేదు, మంచిని మంచి అంటాను. అయితే ఆ పైసలు రావాలంటే వడదెబ్బే అని అధికారులు తేల్చాలి, దానికి పోస్ట్‌మార్టం కావాలి, పంచనామా కావాలి. చావు ఇంట్లో ఏడుస్తూ కూర్చున్న ఆడమనిషికి ఇవన్నీ ఎవరు చెప్తారు? మనవాళ్లు పోస్ట్‌మార్టం అంటేనే "శవాన్ని కోస్తారా" అని భయపడతారు. బలవంతం చేయమని నేను అనను. ఆ గంటలో మీరు ఆ ఇంటికి పోయి, ఇట్లా ఒక దారి ఉందని చెప్పండి, తహసీల్దార్‌కు, పీహెచ్‌సీ డాక్టర్‌కు ఫోన్ చేయండి, ఆపైన వాళ్ల ఇష్టం. వాళ్లు వద్దన్నా సరే, పంచాయతీ ఆఫీసులో ఒక నోట్‌బుక్ పెట్టి రాయించండి. వయసు, చేసిన పని, ఏ పొద్దులో సుస్తీ చేసింది, ఆ రోజు మండలంలో ఎండ ఎంత. ఎండ ఎంతో తెలుసుకోవడం ఇప్పుడు కష్టమేం కాదు. రాష్ట్రంలో వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి, మన మండలాల ఉష్ణోగ్రత, వాన లెక్క రోజూ ఫోన్‌లోనే కనిపిస్తుంది. చచ్చిపోయినవాళ్లనే కాదు, పడిపోయి బతికినవాళ్లనూ రాయండి. పది ఊళ్ల నోట్‌బుక్కులు పక్కపక్కన పెడితే మండల మీటింగ్‌లో ఎవరూ "మా దగ్గర కేసుల్లేవు" అని తప్పించుకోలేరు. కేసులు లేవన్న చోటికి మందులు రావు, టెంట్లు రావు, పైసలూ రావు.

పని వేళల సంగతి. ఉపాధి పని పేరు ఎన్నిసార్లు మారినా గడ్డపార, తట్ట, ఎండ అవే. తెల్లవారి ఆరింటికి మొదలుపెట్టి పదిన్నరకు ముగించమని మేట్‌కు గట్టిగా చెప్పండి. హాజరు ఫొటో కోసం మధ్యాహ్నం దాకా కూర్చోబెడితే మీరే మాట్లాడండి, కూలోళ్లు మాట్లాడితే మస్టర్‌లో పేరు పోతుందని భయం. ఇంకోటి ఐకేపీ వడ్ల కొనుగోలు కేంద్రం. యాసంగి వడ్లు కల్లానికొచ్చేది ఏప్రిల్, మే నెలల్లోనే. కాంటా ఎప్పుడవుతుందో, లారీ ఎప్పుడొస్తుందో తెలియక రైతు అక్కడే కుప్ప దగ్గర కాపలా ఉంటాడు, హమాలీలు మిట్టమధ్యాహ్నం బస్తాలెత్తుతారు. టెంట్, తాగునీళ్లు, ఓఆర్ఎస్ ఉండాలని కాగితం మీద ప్రతి ఏడూ ఉంటుంది. మీరు పోయి చూస్తే ఉంటాయి, లేకపోతే ఉండవు.

ఇది రాయడానికి ఇబ్బందిగా ఉన్నా రాయాలి. కైకిలికి పోయే ఆడవాళ్లు నీళ్లు తక్కువ తాగుతారు. దాహం లేక కాదు. చేన్లో చాటు ఉండదు, మూత్రానికి పోవడం కష్టం, అందుకని పొద్దున్నుంచి గొంతు తడుపుకోవడమే తప్ప తాగరు. మూత్రంలో మంట, జ్వరం, నడుము నొప్పి అని నా దగ్గరికొచ్చిన వాళ్లలో చాలామంది కథ ఇదే. గర్భిణులైతే మరీ ప్రమాదం. ఎండ దెబ్బకు నెలలు నిండకుండా కాన్పులు, తక్కువ బరువు పిల్లలు పెరుగుతున్నారని ఇప్పుడు ప్రపంచమంతా డాక్టర్లు చెప్తున్నారు. అంటే రాబోయే తరానికి వాతావరణం చేసే చెడు 2050లో మొదలుకాదు, తల్లి కడుపులోనే మొదలైపోతుంది. ఉపాధి పని జరిగేచోట ఒక చీరతో కట్టిన మరుగు ఉంటే చాలు. దానికి జీవో అక్కర్లేదు.

చేయడానికి మీ చేతిలో ఏముందంటారేమో. గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీ అని ఒకటి ఉంది, దానికి పెద్ద మీరే. ఏఎన్ఎంతో కలిసి మీ పేరున బ్యాంకు ఖాతా ఉంటుంది. చాలామంది సర్పంచులు సంతకం అడిగినప్పుడు తప్ప ఆ కమిటీని తలుచుకోరు. ఈసారి శివరాత్రికి ముందే దాన్ని కూర్చోబెట్టండి. ఒంటరిగా ఉండే ముసలివాళ్లు, పక్షవాతం, షుగర్, కిడ్నీ ఉన్నవాళ్లు, గర్భిణులు, బాలింతల పేర్లు వార్డుల వారీగా రాసి, ఒక్కో వార్డు మెంబర్‌కు ఒక్కో జాబితా ఇవ్వండి. ఎండ ముదిరిన రోజుల్లో పొద్దునొకసారి, మాపటికొకసారి ఆ గడపల్లోకి తొంగిచూడటమే వాళ్ల పని. ఎవరైనా పడిపోతే ముందు 108కు ఫోన్, తర్వాత నీడకు చేర్చి బట్టలు వదులుచేసి ఒళ్లంతా తడిగుడ్డలు వేసి విసరాలి. సోయి లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు. ఈ నాలుగు మాటలు ప్రతి వార్డు మెంబర్‌కు నోటికి రావాలి. బడి, అంగన్‌వాడీ స్లాబ్‌ల మీద మాఘమాసం పోయేలోపు తెల్లసున్నం కొట్టించండి. లోపల రెండు మూడు డిగ్రీలైనా తగ్గుతుంది. చల్లని కప్పుల కోసం రాష్ట్రానికి 2023 నుంచే ఒక పాలసీ ఉంది, కానీ అది నగరం దాటి మన రేకుల ఇండ్ల దాకా వచ్చేలోపు మన సున్నం మనం కొట్టుకోవడం నయం.

ఇక నీళ్లు. నల్లగొండలో నీళ్ల గురించి మాట్లాడితే ఫ్లోరైడ్ గురించి మాట్లాడినట్టే. మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు వంకర కాళ్ల పిల్లలను చూస్తూ పనిచేశాను. పటికతో, సున్నంతో ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతికి ప్రపంచమంతా మన జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. ఆ పేరు చూసి గర్వపడాలో ఏడవాలో తెలియదు. మిషన్ భగీరథ పైలాన్‌ను 2015లో చౌటుప్పల్‌లో పెట్టారు, కృష్ణ నీళ్లు నల్లాల్లోకి వచ్చాయి, కొత్త పిల్లల ఎముకలు చాలావరకు బాగుపడ్డాయి. ఇది నేను చూసిన మార్పు, ఎవరు చేసినా దండం పెడతాను.

అయితే ఆ నల్లా కొస కృష్ణలో ఉంది. 2023లో వానలు తప్పాయి, ఎగువ నుంచి వరద రాలేదు. సాగర్ నిండితే 590 అడుగులు. ఆ ఏడాది సాగర్ అడుగంటి ఎడమ కాల్వ కింద యాసంగికి నీళ్లు వదల్లేదు. 2024 ఎండాకాలంలో హైదరాబాద్ తాగునీటికే అత్యవసర పంపులు పెట్టాల్సి వచ్చింది. అట్లాంటి ఏడాదిలో నల్లా రెండ్రోజులకోసారి వస్తే జనం ఏం చేస్తారు? పాత బోరు స్విచ్ వేస్తారు. కరువు ఏడు బోరు ఇంకా లోతుకు పోతుంది. మన రాళ్లల్లో లోతుకు పోయేకొద్దీ ఫ్లోరైడ్ ముప్పు పెరుగుతుంది. ఎండ ఎక్కువైతే మనిషి నీళ్లూ ఎక్కువ తాగుతాడు, ఆ నీళ్లతో ఫ్లోరైడూ ఎక్కువ మింగుతాడు. ఇట్లా ఎండ, కరువు, బోరు మూడూ కలిసి పోయిందనుకున్న రోగాన్ని మళ్లీ తెచ్చిపెట్టగలవు. వాతావరణ మార్పు అంటే మంచుకొండలు కరగడం అనుకుంటారు మనవాళ్లు. మన దగ్గర అది పిల్లల పండ్ల మీద గోధుమరంగు గారలా కనిపిస్తుంది. కాబట్టి ఊళ్లో ఏ బోరు నీళ్లు తాగొచ్చో, ఏవి తాగకూడదో ఇప్పుడే పరీక్ష చేయించి, తాగకూడని బోర్లకు ఎర్రరంగు వేయించండి. కరువొచ్చాక పరీక్షకు టైముండదు.

బోర్ల సంగతి నేను చెప్తే రైతులకు కోపం వస్తుంది. మన నల్లగొండ జిల్లాలోని ముషంపల్లి పేరు బోర్ల వల్లే పేపర్లకెక్కింది. మా తమ్ముడు కూడా బత్తాయి తోట కాపాడుకోవడానికి బోరు మీద బోరు వేసి, 2015-16 కరువులో ట్యాంకర్లతో నీళ్లు పోసి, చివరికి చెట్లు కొట్టేసినవాడే. వాడిని తప్పుపట్టలేను. ఇరవై ఏండ్ల పంట కండ్ల ముందు ఎండిపోతుంటే ఎవరైనా అదే చేస్తారు. 2002 నుంచి వాల్టా చట్టం ఉంది, బోరుకు అనుమతి తీసుకోవాలని. రాత్రికి రాత్రి రిగ్గు వచ్చి పోతుంది, అనుమతి ఎవరడిగారు? అడగాల్సింది పంచాయతీయే. మీరడిగితే ఓట్లు పోతాయని తెలుసు. కనీసం తాగునీటి బోరు పక్కన కొత్త బోరు పడకుండానైనా చూడండి.

కరువు ఏం చేస్తుందో దేవరకొండ తండాలను అడగాలి. తొంభైల చివర, 2000 తొలినాళ్లలో మా తండాల ఆడపిల్లలను దత్తత పేరుతో అమ్మిన సంగతి దేశమంతా తెలిసింది. విలేకరులు వచ్చి తల్లులను ఫొటోలు తీసుకున్నారు. ఆ తల్లులను నేను ఎరుగుదును. కట్నాల భయం ఉంది, కొడుకు కావాలన్న ఆశ ఉంది, దళారులున్నారు, వాటన్నిటి కింద పంట లేని భూమి ఉంది. పాలమూరు నుంచి బొంబాయి, పుణెలకు బస్సులు నిండి పోయింది కూడా ఆ కరువుల్లోనే. రాబోయే తరం అంటే నాకు ముందు ఆ పిల్లలే గుర్తొస్తారు. వాన తప్పినప్పుడు ఇంట్లో అందరికన్నా ముందు ఎవరి బువ్వ తగ్గుతుందో, ఎవరి చదువు ఆగుతుందో, ఎవరి పెండ్లి ముందుకు జరుగుతుందో ఏఎన్ఎంలకు తెలుసు. ఆడపిల్లదే.

వాన తప్పడం ఒకటే అయితే కరువు పనులు పెట్టుకునేవాళ్లం. ఇప్పుడు వాన తప్పుతుంది, మళ్లీ అదే ఏడు మీద పడుతుంది. 2009ని గుర్తుచేసుకోండి. ఆ ఏడు నైరుతి దేశమంతటా దెబ్బతింది, అంత తక్కువ వాన 1972 తర్వాత అదే. విత్తనాలు మాడిపోయి ఏడుస్తున్న పాలమూరు మీద అక్టోబర్ మొదట్లో కృష్ణ, తుంగభద్ర ఒక్కసారి విరుచుకుపడ్డాయి. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులొచ్చాయి. అలంపూర్, రాజోలి వైపు ఊళ్లు మునిగిపోయాయి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు ఏడు శాతం ఎక్కువ తేమను పట్టుకుంటుందట. నేలలో ఉన్నదంతా పీల్చేది ఆ గాలే, పీల్చిందంతా ఒక్క రాత్రిలో కుమ్మరించేదీ ఆ గాలే. 2024 ఆగస్టు ఆఖరు రాత్రి పడ్డ వానకు కోదాడ బజార్లలో కార్లు కొట్టుకుపోయాయి, నడిగూడెం దగ్గర సాగర్ ఎడమ కాల్వ తెగింది. 2025 అక్టోబర్ చివర మొంథా తుఫానుకు కోతకొచ్చిన వరి, తీయాల్సిన పత్తి తడిసి ముద్దయ్యాయి. తుఫానంటే కోస్తావాళ్ల కష్టమనుకునేవాళ్లం.

దీనికి మీరు చేయగలిగింది చిన్నది కాదు. చెరువు మత్తడి నుంచి నీళ్లు పోయే దారి ఎవరి ప్లాట్ల కిందికి పోయిందో మీకు తెలుసు. తెలియదంటే నేను నమ్మను. మిషన్ కాకతీయలో 46 వేలకు పైగా చెరువులు బాగుచేద్దామన్నారు, చాలాచోట్ల పూడిక తీశారు, మంచిదే. పూడిక తీసిన చెరువు శిఖం మీద వెంచర్ లేస్తే ఏం లాభం? ఈ ఒక్క విషయంలో మీకు శత్రువులు తయారవుతారు. మిమ్మల్ని గెలిపించినవాళ్లలోనే తయారవుతారు. అందుకే గ్రామసభలో అందరి ముందు ఆ కాల్వ నక్షా తెరిచి తీర్మానం రాయించుకోండి. ఒంటరిగా తలపడకండి.

చెట్ల గురించి ఎక్కువ రాయను, ఆ ఉపన్యాసాలు మీరు చాలా విన్నారు. 2018 పంచాయతీరాజ్ చట్టంలో పది శాతం హరిత బడ్జెట్ ఉంది, నాటినవాటిలో 85 శాతం బతకాలని ఉంది. ఆ లెక్క కోసం తొందరగా పెరిగి పచ్చగా కనిపించే కోనోకార్పస్ లాంటివి రోడ్ల పక్కన నింపేశారు. వాటి కింద గొర్రెల కాపరి కూడా కూర్చోడు. వేప, చింత, కానుగ, రావి పెట్టండి. ఉన్న పాత చెట్లను కాపాడండి. 2021లో వేపచెట్లకు తెగులొచ్చి కొమ్మలు ఎట్లా మాడాయో చూశాం కదా. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పడితే 2018లో సెలైన్ సీసాలు కట్టి మందెక్కించారు. ఆ ఫొటో చూసి అందరూ నవ్వుకున్నారు, నాకు మాత్రం భలే నచ్చింది. ఏడు వందల ఏండ్ల మర్రి ఒక పేషెంట్‌గా వార్డులో చేరినట్టు అనిపించింది. మీ ఊరి రచ్చబండ చెట్టుకు అంత చేయనక్కర్లేదు, చుట్టూ పోసిన సిమెంటు గద్దెను కాస్త పగలగొట్టి వేర్లకు నీళ్లు పోనిస్తే చాలు.

ఈ వేడంతా మనం చేసిందా అని ఒక కుర్ర సర్పంచ్ నన్ను అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. మన దేశంలో ఒక్కో మనిషి లెక్కన గాల్లోకి పోయే, భూమిని వేడెక్కించే బొగ్గుపులుసు వాయువు ప్రపంచ సగటులో సగం కూడా ఉండదు. అందులోనూ దేవరకొండ తండా మనిషి వాటా ఎంతని? ఏసీల్లో కూర్చున్నవాళ్లు వచ్చి మనకు ప్లాస్టిక్ వద్దని క్లాసులు పీకితే నాకూ ఒళ్లు మండుతుంది. కానీ మన జిల్లాలోనే, దామరచర్ల దగ్గర వీర్లపాలెంలో, 4,000 మెగావాట్ల బొగ్గు కరెంటు స్టేషన్ కట్టారు. బొగ్గుతో ఒక యూనిట్ కరెంటు చేస్తే సుమారు ఒక కిలో వాయువు పైకి పోతుంది. కరెంటు కావాలి, మన బోర్లకే కావాలి, కాదనడం లేదు. అయితే అక్కడి ఊళ్ల గాలి, నీళ్ల పరీక్షల ఫలితాలు తెలుగులో పంచాయతీ గోడకు అంటించమని అడిగే హక్కు ఆ చుట్టుపక్కల సర్పంచులకుంది. అడగండి. కల్లాలు అయిపోగానే కొయ్యకాళ్లకు అగ్గి పెట్టడం మాత్రం అచ్చంగా మన చేతి పనే. మిషన్ కోతలొచ్చాక అది బాగా పెరిగింది. ఆ పొగకు ఆయాసంతో వచ్చిన పిల్లలకు మందులిచ్చిన మనిషిగా చెప్తున్నాను, ఆపించండి.

పైవాళ్లను కూడా వదలొద్దు. 2020 వానాకాలం నుంచి మన రాష్ట్రంలో ప్రధానమంత్రి ఫసల్ బీమా ఆగింది. మళ్లీ మొదలుపెడతామన్న మాట వింటూనే ఉన్నాం. బీమా లేని రైతుకు మొంథా లాంటిది ఒక్కటి వస్తే ఆ ఏడు పిల్లల ఫీజు కట్టలేడు. ప్రతి గ్రామసభ నుంచీ దీని మీద తీర్మానం పోతే ఎమ్మెల్యేలు అసెంబ్లీలో నోరు తెరవక తప్పదు. పిడుగుల సంగతీ అంతే. దామిని యాప్ ముందే చెప్తుంది, కానీ చేన్లో ఉన్న కూలీ దగ్గర స్మార్ట్ ఫోన్ ఉండదు. పంచాయతీ మైకు ఉంది కదా. పన్నుల కోసం, ఓట్ల కోసం మోగే మైకు మబ్బు పట్టినప్పుడు కూడా మోగాలి, "చెట్ల కింద నిలబడకండి" అని.

చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారి పెట్టాలి. శివరాత్రి దాటకముందు ఒకటి పెట్టి, ఎజెండాలో మొదటి అంశంగా ఎండాకాలం రాయించండి. చివర్న రాస్తే అప్పటికి జనం లేచిపోతారు. ఆడవాళ్లు కైకిలి నుంచి వచ్చే వేళ చూసుకుని, సాయంత్రం పెట్టండి. వార్డు మెంబర్లకు జాబితాలు అక్కడే పంచండి, తాగకూడని బోర్ల నంబర్లు అక్కడే చదవండి. వడదెబ్బకు ఏం చేయాలో చేసి చూపించడానికి మనిషి కావాలంటే మీ సబ్ సెంటర్ ఏఎన్ఎంను, ఆశా కార్యకర్తలను అడగండి. వాళ్లకు తీరిక లేకపోతే దేవరకొండ చుట్టుపక్కల ఊళ్లకైతే నేనే వస్తాను. బస్సు చార్జీలు కూడా అక్కర్లేదు, ఆడవాళ్లకు ఫ్రీయే కదా.

ఇట్లు,
దేవరకొండ డివిజన్‌లో రిటైరైన ఒక ఏఎన్ఎం